దండుచేనిలో మా రాయి

యుద్ధం జరిగిన చోటు అని చెప్పే బోర్డును యుద్ధం జరగని చోట నాటారు. జమ్మలమడుగు నుంచి గండికోటకు పోయే రోడ్డు పక్కన, బస్సులు సులువుగా తిరిగే ఖాళీ జాగాలో, టీ అంగడి ఎదురుగా ఉంది అది. నీలం రంగు రేకు, తెల్లటి అక్షరాలు, పైన అడ్డంగా కత్తి, డాలు బొమ్మ. కోట చూసి తిరిగి వచ్చేవాళ్లు అక్కడ ఆగి టీ తాగి, బోర్డును ఆనుకొని ఫొటోలు దిగి, యుద్ధభూమిని కూడా చూశామన్న తృప్తితో బండెక్కుతారు.

కోటను పట్టుకోవడానికి వచ్చిన దండు దిగిన నేల అక్కడికి దూరంగా, చేలకు అడ్డంబడి నడిచిపోతే వస్తుంది. ఆ నేలను ఈనాటికీ దండుచేను అనే పిలుస్తారు. నల్లరేగడి. వాన పడిన తర్వాత నడిస్తే చెప్పు కింద మట్టితో ఇంకో చెప్పు తయారవుతుంది. బోర్డు నాటినవాళ్లు కాళ్లకు మట్టి అంటించుకోవడం ఇష్టం లేక యుద్ధాన్ని రోడ్డు పక్కకు జరిపారు.

ఈ సంగతి చెప్పవలసిన వాళ్లందరికీ చెప్పాను. అర్జీలు కూడా ఇచ్చాను. ఒక ఆఫీసులో ఒకాయన నా అర్జీ చదివి, "పెద్దాయనా, యుద్ధమంటే ఒక్క సెంటు భూమిలో జరుగుతుందా? అటూ ఇటూ ఉంటుంది కదా" అన్నాడు. నన్ను కూర్చోమనలేదు. నేను ఆ మాటను మరిచిపోలేదు, ఆయన ఎదురుగా ఉన్న కుర్చీనీ మరిచిపోలేదు. అది ఖాళీగానే ఉంది.

మాది ప్రొద్దుటూరు. బంగారు అంగళ్లు దాటి కొంచెం ముందుకు వస్తే మా బట్టల అంగడి. తాతల నాటి నుంచి బట్ట కొలిచి అమ్ముకునే కుటుంబం మాది. ఆ దండుచేనిలో మా పూర్వీకుడి రాయి ఉంది. యుద్ధంలో పడిపోయినవాడికి పడిన చోటే నిలబెట్టే రాయి, వీరగల్లు. ఆ చుట్టుపక్కల అలాంటివి ఇంకా కొన్ని ఉన్నాయి. కొన్ని విరిగాయి, కొన్ని నేలకు ఒరిగాయి, వాటిని అడిగేవాళ్లు లేరు. మా రాయికి మేమున్నాం. నడుమెత్తు ఉంటుంది. పైన సూర్యచంద్రులు, కింద మనిషి. ముఖం పడమటి దిక్కుకు, అంటే కోట కొండ వైపుకు ఉంటుంది.

ప్రొద్దుటూరు దసరా చూడటానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. అమ్మవారి అలంకారాలకు, తొట్టి మెరవణి ఊరేగింపుకు వీధులు పట్టవు. ఆయుధపూజ నాడు పొద్దున అందరూ ఊళ్లోకి వస్తుంటే మేము మాత్రం ఊరు విడిచి బయటికి పోతాం. అంగడిలో బట్ట కొలిచే గజంబద్దను, పెద్ద కత్తెరను పసుపు గుడ్డలో చుట్టి తీసుకుపోతాం. రాయిని కడిగి, నువ్వులనూనె పట్టించి, పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొత్త తానులో మొదట చింపిన ముక్కను నడుముకు చుడతాం. పాదాల దగ్గర గజంబద్ద, కత్తెర పెట్టి మొక్కి, చిత్రాన్నం, ఓళిగలు, అంటే బొబ్బట్లు, నైవేద్యం పెడతాం. ఆ తర్వాతే తిరిగి వచ్చి అంగట్లో పూజ. మా తాత మా నాన్నకు, మా నాన్న నాకు చెప్పింది ఒకటే: మన పనిముట్లు ముందు ఆయన చూడాల, ఆ తర్వాతే అమ్మవారు.

తాత కాలంలోనే రాయి మీద బొమ్మ సరిగా కనబడకుండా అయిందట. అంగడి బోర్డులు రాసే పెయింటరును జమ్మలమడుగు దాకా పిలుచుకుపోయి రంగులు వేయించారు. కోరమీసం, ఎర్ర తలపాగా, చేతిలో వెండిరంగు కత్తి. నేను పుట్టినప్పటి నుంచి చూసింది ఆ కత్తినే. రంగు వెలిసినప్పుడు నాన్న ఒకసారి వేయించాడు. నా వంతు వచ్చినప్పుడు బాగా మెరిసే రంగు తెప్పించి వేయించాను. ఎండ పడితే ఆ కత్తి చాలా దూరం నుంచి కనబడేది. బోర్డు దగ్గర ఫొటోలు దిగేవాళ్లలో ఒక్కడైనా అదేమిటని అడగకపోతాడా అనుకునేవాణ్ణి. ఎవరూ అడగలేదు.

బట్టలమ్మేవాళ్లకు వీరుడేమిటని నవ్వినవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లందరిలో ముందు చెప్పుకోవలసింది నా బామ్మర్దిని. నా పెళ్లి పులివెందులలో జరిగింది. భోజనాల దగ్గర మా నాన్న ఆడపెండ్లివాళ్లకు మా రాయి గురించి చెబుతున్నాడు. నా భార్య తమ్ముడికి అప్పుడే మీసం మొలుస్తున్న వయసు. వాడు ఓళిగల పళ్లెం పట్టుకొని నా ముందు ఆగి, పంక్తి మొత్తానికి వినబడేలా అడిగాడు.

"బావా, మనోళ్లు యుద్ధంలో ఏం చేసింటారప్పా? ఎదుటోడు కత్తి దూసుకోని వస్తే, ఉండప్పా అని గజంబద్ద తీసి కొలతలు తీసుకున్నారా?"

పంక్తి పంక్తంతా నవ్వింది. మా నాన్న కూడా పెండ్లిపందిట్లో ఏమీ అనలేక నవ్వినట్టు ముఖం పెట్టాడు. నవ్వినవాళ్లలో మా వైపువాళ్లూ ఉన్నారు. ఎవరెవరు నవ్వారో ఇప్పుడడిగినా చెబుతాను. నేను ఆ ఓళిగ తినలేదు.

ఆ బామ్మర్ది ఇప్పుడు చీనీకాయల, అంటే బత్తాయిల, వ్యాపారం చేస్తాడు. సొంత లారీలు ఉన్నాయి. దసరాకు అక్కను చూడటానికి వచ్చి, ఆయుధపూజ నాడు తన కారులోనే మమ్మల్ని దండుచేనికి తీసుకుపోతాడు. మంచివాడే. కానీ బండి ఎక్కేటప్పుడు ప్రతి ఏడూ "పాండి బావా, కత్తికి కత్తెర సూపించొద్దాం" అనేవాడు. అనకుండా ఒక్క ఏడన్నా బండి తీసింది లేదు.

ఇక చేను సొంతదారు. జమ్మలమడుగు దగ్గరి పల్లె రైతు, దాదాపు నా ఈడువాడే. కొన్నేళ్ల కిందట మేము పూజకు పోయేసరికి మా రాయికి బర్రెను కట్టేసి ఉన్నాడు. పలుపు సరిగ్గా మా పూర్వీకుడి మెడ చుట్టూ ఉంది. బర్రె ఆయన ముఖానికి తోక ఆడిస్తూ నెమరు వేస్తోంది.

"ఏందప్పా ఇది?" అన్నాను.

"ఏందంటే? బర్రె."

"రాయికి కడతావా?"

"మల్ల దేనికి కట్టమంటావు శెట్టీ? ఈ చేన్లో చెట్టు ల్యాదు, గుంజ ల్యాదు. నీ రాయి ఏడాదికి ఒక దినం దేవుడు. మిగతా దినాలు రాయే గదా."

అని నవ్వి, వెంటనే బర్రెను విప్పాడు. రాయి కడగడానికి తన బావి నుంచి నీళ్లు కూడా తెచ్చి పెట్టాడు. అది వేరే సంగతి. ఆ మాట అన్నాడా, లేదా? ఆ రోజు నుంచి నేను ఆయనతో మాట్లాడటం మానేశాను. ఏటా ఆయన చేనిలోకి పోయి, పూజ చేసుకొని, ఆయన గెనిమ మీద నిలబడి ఉంటే ఆ గట్టు వైపు చూడకుండా వచ్చేసేవాణ్ణి. నా భార్య చాటుగా ఆయనకు ప్రసాదం ఇస్తుందని నాకు తెలుసు. తెలియనట్టు ఉండేవాణ్ణి.

వ్యవహారం ఇలా నడుస్తుండగా ఒక వార్త వచ్చింది. చేలల్లో చెదిరి ఉన్న వీరగల్లులన్నీ పెరికి గండికోటకు తరలించి, కోట దగ్గర తోటలో వరసగా నిలబెడతారట. రాత్రిపూట లైట్లు వేస్తారట. మా రాయి కూడా ఆ వరసలో ఉంది.

నేను అన్నం సగంలో లేచి ఆఫీసుకు పోయాను. ఈసారి ఉన్నది కొత్తగా వచ్చిన ఒక ఆఫీసరమ్మ, మాటను బట్టి కోస్తా వైపు పిల్ల. నన్ను చూడగానే "కూర్చోండి" అంది. ఈ పనిమీద తిరగడం మొదలుపెట్టాక నన్ను కూర్చోమన్న మొదటి మనిషి ఆమె. కాబట్టి ఆమె చెప్పింది చివరిదాకా విన్నాను.

"రాళ్లు పొలాల్లో పాడైపోతున్నాయండీ. ట్రాక్టర్లు తగిలి విరిగిపోతున్నాయి. అక్కడైతే కాపలా ఉంటుంది."

"మా రాయికి కాపలా మేమున్నాం మేడం."

"మీరు ఏడాదికి ఒక్కరోజు వస్తారు కదండీ."

రైతు అన్న మాటే ఇది. తెలియక అంది కదా అని వదిలేశాను. పూర్తిగా వదల్లేదనుకోండి.

ఆమె మర్యాద తెలిసిన మనిషి. పూజలందుకుంటున్న రాయిని బలవంతంగా కదిలించబోమని చెప్పింది. కానీ భూమి రైతుది. రాయిని అక్కడే ఉంచుతానని, దున్నేటప్పుడు కాపాడతానని ఆయన నోటితో చెప్పాలి. ఆయన వద్దంటే రాయి కోటకు పోవడమే. ఉన్నా పోయినా ముందు రంగులు తీసి, కింద ఏం చెక్కి ఉందో చూడాలి.

"రంగు తీస్తే కత్తి పోతుంది మేడం."

"చెక్కిన కత్తయితే ఎక్కడికీ పోదండీ. ఇంకా బాగా కనబడుతుంది."

ఈ మాట నాకు నచ్చింది. రంగు కింద అసలు కత్తి ఇంకెంత బాగుంటుందో అనుకున్నాను. బామ్మర్దిని అప్పుడు తప్పకుండా పిలవాలని కూడా అనుకున్నాను. ఇక మిగిలింది రైతు. రాయి ఉండటం, పోవడం అంతా నేను మాట్లాడని మనిషి చేతిలో పడింది.

జమ్మలమడుగులో బస్సు దిగి ఆటోలో ఆ పల్లెకు పోయాను. రైతు ఇంటి ముందు కూర్చొని ఉన్నాడు.

"ఎవురూ, శెట్టినా? దావ తప్పినావా ఏంది?"

"నీతో పనుండి వచ్చినా."

"నాతోనా, రాయితోనా?"

సంగతి చెప్పాను. చెవిలో పుల్ల తిప్పుకుంటూ విన్నాడు.

"తీసకపోనీలే. దున్నేటప్పుడు ఆడికొచ్చేతలికి ట్రాక్టరు నిలిపి ఎనక్కి తియ్యాల్సొస్తాంది. నాకేమొస్తాది ఆ రాయితో?"

"మా పెద్దాయన పడిన జాగా అప్పా అది."

"శెట్టీ, నా చేన్లోకి వస్తావు. నా గెనిమ మీద చెప్పులిడుస్తావు. నా బాయి నీళ్లతోనే రాయి కడుగుతావు. నా మొగం మాత్రం జూడవు. రాయికి మొక్కుతావు గానీ, అది నిలబడిన నేల యెవునిదని అడగవు. ఇప్పుడు నేను యాల ఒప్పుకోవాల?"

"నువ్వు బర్రెను కట్టినావు."

"ఓయబ్బ! అది ఇంగా యాదుందా నీకు? ఆ బర్రె సచ్చి శానా దినాలాయె!"

"బర్రె పోయింది. మాట పోలేదు."

ఆయన గట్టిగా నవ్వి లోపలికి కేకేసి మజ్జిగ తెప్పించాడు. నేను తాగలేదు. మధ్యాహ్నపు ఎండలో జమ్మలమడుగు బస్టాండుకు వచ్చేసరికి నాలుక పిడచకట్టింది. అయినా తాగనందుకు చింతపడలేదు. లేచి వచ్చేటప్పుడు ఆయన ఒక్కమాట అన్నాడు: "రాయి కడిగే దినం నేనూ వస్తాలే. జూసి చెప్తా."

రాయి శుభ్రం చేసే రోజుకు చేనిలో శనగ మొలిచి సాళ్లు పచ్చగా తేలాయి. నేను, నా భార్య, కారు తోలుకొచ్చిన బామ్మర్ది సాళ్లు తొక్కకుండా ఒకరి వెనుక ఒకరం నడిచిపోయాం. ఆఫీసరమ్మ తన పనివాళ్లతో అప్పటికే వచ్చి ఉంది. రైతు టవలు భుజాన వేసుకొని గెనిమ మీద నిలబడ్డాడు.

ఏదో మందు కలిపిన నీళ్లు, మెత్తటి బ్రష్షులు, వెదురు పుల్లలు పెట్టుకొని పనివాళ్లు మొదలుపెట్టారు. ముందు కుంకుమ, పసుపు, నూనెజిడ్డు గట్టిపడి పెచ్చులు పెచ్చులుగా ఊడింది. తర్వాత నేను వేయించిన వెండిరంగు. దాని కింద మా నాన్న వేయించిన రంగు. దాని కింద తాతది. ఒక్కొక్క పొర పోతుంటే ఇంట్లో పెద్దలు ఒకరి తర్వాత ఒకరు లేచి పక్కకు తప్పుకుంటున్నట్టు అనిపించింది. సూర్యచంద్రులు చక్కగా తేలారు. ముఖం కడిగారు. రాతి మీద మీసం లేదు.

"బావా, మీసం పాయె!" అన్నాడు బామ్మర్ది.

"ఊరుకో."

చేతి దగ్గరికి వచ్చారు. కత్తి రంగు మొత్తం పోయింది. దాని కింద సన్నగా, నిటారుగా, చివర మొన ఉన్న కర్ర ఒకటి కనబడింది.

"బావా, కత్తీ పాయె!"

మనిషి పక్కన ఒక దిబ్బలా ఉబ్బెత్తుగా ఉండేది. అది గండికోట కొండ అని మా తాత చెప్పేవాడు. ఏళ్ల తరబడి నూనె దాని మీదికే కారి బాగా మందంగా పట్టింది. పనివాడు పుల్లతో ఆ జిడ్డు గీకుతూ పోతే ముందు కొమ్ము వచ్చింది. తర్వాత మూపురం. తర్వాత వీపుకు రెండు పక్కలా వేలాడే గోతాలు. ఎద్దు ముక్కు నుంచి తాడు సాగి మనిషి ఎడమ చేతిలోకి వచ్చింది. మనిషి రొమ్ములో బాణం.

ఆఫీసరమ్మ మోకాళ్ల మీద కూర్చొని చాలాసేపు చూసింది.

"పెరికెద్దండీ ఇది. వీపు మీద రెండు పక్కలా గోతాలు వేసి ధాన్యం మోయించేవాళ్లు. ఈయన సైనికుడు అయ్యుండడు. కోటలో వాళ్లకు తిండిగింజలు తీసుకెళ్తూ ఇక్కడ పడిపోయి ఉంటాడు. చేతిలో ఉన్నది ఎద్దును తోలే ములుగర్ర."

నేను పుట్టినప్పటి నుంచి మొక్కిన కత్తి లేదు. బామ్మర్ది నోటికి చేయి అడ్డం పెట్టుకున్నాడు, నవ్వు మాత్రం భుజాల్లో కనబడుతోంది. నేను వాడి వైపు చూడకుండా రాయి వైపే చూశాను. చూస్తుంటే ఒకటి కనబడింది. బాణం వీపున తగల్లేదు, ఎదురుగా రొమ్మున తగిలింది. అంటే ఎదుట దండు ఉందని తెలిసి కూడా వెనక్కి తిరగలేదు. ఇంకొకటి కనబడింది. పడిపోతున్నా చేతిలో పలుపు వదల్లేదు. కత్తి చేతిలో ఉన్నవాడికి అది దెబ్బకు దెబ్బ తీసే ధైర్యం ఇస్తుంది. చేతిలో ములుగర్ర, పలుపు తప్ప ఏమీ లేకుండా ఈ చేనిలోకి అడుగుపెట్టిన మనిషి ఈయన. నా వెన్ను దానంతటదే నిటారుగా అయింది.

ఇంతలో రైతు గెనిమ దిగి వచ్చాడు. రాయి ముందు కూర్చొని ఎద్దు మూపురం మీద చేయి వేసి నిమిరాడు.

"మేడమ్మా, ఇది ఎద్దేనా?"

"ఎద్దేనండీ."

ఆయన లేచి నా వైపు తిరిగాడు. "ఎద్దును తోలేటోడు శెట్టి ఎట్లయితాడప్పా? ఈయప్ప మావోడు!"

"ఏందీ?"

"మావోడు. మా జేజినాయనకు కూడా పెరికెద్దులు ఉండేవంట."

"పెరికెద్దుల మీద సరుకు తిప్పింది యాపారస్తులు. అంటే మేము."

"సరుకు మీది. ఎద్దును తోలింది మావోడు. ఎప్పుడన్నా శెట్టి ఎండలో ఎద్దెంబడి నడిచినాడా?"

"ఇన్ని తరాలు నూనె పోసింది ఎవరు?"

"పోసి పోసి ఎద్దును కనపడకుండా చేస్తిరి! ఇన్ని తరాలు సాలు తప్పించి దున్నింది ఎవురు?"

ఆఫీసరమ్మ వైపు చూశాను. ఆమె చేతులు తుడుచుకుంటూ, "పేరు చెక్కలేదండీ. ఎవరి మనిషో రాయి చెప్పదు" అంది.

"ఆయప్ప బర్రెను కట్టినాడే, అప్పుడే తెలిసింటాది బావా, ఈడ ఒక ఎద్దుందని. తోడుంటాదని కట్టినాడు" అన్నాడు బామ్మర్ది. అందరూ నవ్వారు, పనివాళ్లతో సహా. నేను నవ్వలేదు. ఎద్దు వేరు, బర్రె వేరు. పైగా ఆ రోజు ఎద్దు సంగతి ఆయనకు తెలియదు.

ఆ నవ్వులు అయిపోయాక, అంతవరకు రాయినే చూస్తున్న నా భార్య మెల్లగా అంది.

"పాపం, తిండి తీసకపోతా దావలోనే పడిపాయె. ఇన్నాళ్లకు వీళ్లు కోటలోకి తీసకపోతామంటాండారు. పోనీయండి. యాడికి చేరాల్నో ఆడికి చేరతాడు."

ఆఫీసరమ్మ నా ముఖం చూసింది. రైతు కూడా చూశాడు. ఆఫీసుల చుట్టూ తిరిగినన్నాళ్లూ ఇలాంటి మాట నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే వాళ్లతో ఏమని వాదించేవాణ్ణో తెలియదు. పడమటి దిక్కున కొండ మీద కోటగోడ గీత గీసినట్టు కనబడుతోంది. ఈయన చూపు అటే ఉంది. బరువెద్దుతో కూడా పొద్దుగుంకేలోగా చేరగలిగే దూరమే.

"వద్దు" అన్నాను. "చేరినోళ్లకు యాడా రాళ్లు ల్యావు. చేరలేదనే ఈయనకు రాయి నిలబెట్టినారు. తీసకపోయి కోటలో పెడితే, చూసినోళ్లంతా ఈయన సుఖంగా చేరినాడనుకుంటారు. ఇంత దూరం వచ్చినాడు, ఈ చేను దాటలేకపాయె, అయినా పలుపు ఇడవలేదు. ఆ సంగతి ఈడ నిలబడితేనే తెలుస్తాది."

అంగట్లో కాకుండా నేను అంత మాట్లాడటం నా భార్య చూసింది తక్కువ. ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంది. రైతు టవలు ఒక భుజం మీది నుంచి ఇంకో భుజం మీదికి మార్చుకున్నాడు.

"మేడమ్మా, రాయి ఈడ్నే ఉంటాది. నా చేను, నా మాట. రాసుకో" అన్నాడు. తర్వాత నా వైపు చూసి, "నీ కోసం గాదు శెట్టీ. మావోని కోసం" అన్నాడు.

"మా పెద్దాయన కోసం" అన్నాను నేను.

ఆ రోజు ప్రొద్దుటూరుకు వచ్చి అంగడి తెరిచినప్పుడు గజంబద్ద ఎప్పటిలాగే బల్ల మీద ఉంది. దాన్ని చేతిలోకి తీసుకొని చూశాను. ఎన్ని వేళ్లు పట్టి అరిగిందో, నున్నగా ఉంటుంది. కత్తి ముందర పెట్టడానికి తగదని నవ్వారు దాన్ని. ఆయన చేతిలో ఉన్నదీ కర్రే. కర్ర ముందు కర్ర పెట్టాం ఇన్నాళ్లూ. తెలియక చేసినా సరైన పనే చేశాం. కోటలో కత్తులు పట్టినవాళ్ల గొప్పలు చెప్పడానికి చాలామంది ఉన్నారు. వాళ్లకు ఆ పూట అన్నం ఎవరు మోసుకొస్తున్నారో చెప్పడానికి ఆ నేల మొత్తానికి ఒక్క రాయి ఉంది. అది మాది. రైతు ఏమన్నా సరే.

పోయిన దసరాకు రంగు వేయించలేదు. నూనె పోయవద్దని ఆఫీసరమ్మ చెప్పింది. నూనె లేకుండా పూజేమిటని ఆమెతో ఒక పూట వాదించాను, చివరికి నీళ్లు, పూలు, కొత్త తాను ముక్కతో సరిపెట్టాను. గజంబద్ద, కత్తెర పెట్టాను. రైతు మాకంటే ముందే వచ్చి ఉన్నాడు. అటక మీద పడి ఉన్న వాళ్ల నాయన ములుగర్రను దించి, కడిగి, పసుపు రాసి తెచ్చాడు. అడగకుండానే దాన్ని గజంబద్ద పక్కన పెట్టాడు. పొడుగు గజంబద్దదే ఎక్కువ. నేను చూశాను. ఆయనా చూశాడు.

బామ్మర్ది చేతులు ఊపుకుంటూ నిలబడ్డాడు. బండి ఎక్కేటప్పుడు ఆ పాత మాట అనలేదు.

"నేనేం పెట్టాల బావా?"

"పెండ్లిలో ఒక నవ్వు నవ్వినావే, అది తీసి పెట్టు."

"ఓయబ్బ! అది ఇంగా యాదుందా?"

"ఉంది."

"నాదీ యాదుంది ఆయప్పకు. నీదెట్ల మరుస్తాడు?" అన్నాడు రైతు, వాణ్ణి చూసి.

వాడు కాసేపు అటూ ఇటూ చూసి, జేబులోంచి లారీ తాళంచెవి తీశాడు. లోడు చీనీకాయలు మోసే లారీ. వంగి, దాన్ని ములుగర్ర పక్కన పెట్టి, చెప్పులు విడిచి మొక్కాడు. నేను వద్దనలేదు. పెండ్లినాటి మాట మాత్రం అలాగే ఉంది.

ప్రసాదం నా చేత్తోనే రైతుకు ఇచ్చాను. ఆయన ఇత్తడి చెంబుతో మజ్జిగ ఇచ్చాడు, తాగాను. బోర్డు ఇంకా టీ అంగడి ఎదురుగానే ఉంది. ఆ సంగతి మీద మళ్లీ పోవాలి, ఈసారి నేనూ వస్తానన్నాడు రైతు. ఆయన వస్తే కుర్చీ వేయించుకోకుండా ఉండడు.

తిరిగి వచ్చేటప్పుడు గెనిమ పక్కన కొత్త గుంజ ఒకటి కనబడింది. లోతుగా పాతి, చుట్టూ రాళ్లు పేర్చి గట్టి చేసి ఉంది. దానికి ఇప్పటి బర్రెను కట్టేసి ఉంది. అది ఎంత లాగినా రాయి దాకా రాకుండా పలుపు పొట్టిగా వేసి ఉంది.